ఏడ్చినవి ఎన్ని

కొండ ఐదో మెట్టు, పిల్లల దొడ్డి. రోజువారీ పుస్తకం.
రాస్తున్నది రత్నమ్మ. తల్లుల్ని వేరుచేసిన నాటి నుంచి రోజుల లెక్క.

ఒకటో రోజు

ప్రార్థన చేసుకుని దొడ్డి తలుపు తీశాను. గొర్రెపిల్లలు పద్నాలుగు. పుట్టి మూడు నాలుగు రోజులైనవి. తల్లుల్ని పొద్దున్నే ఏడో మెట్టుకి తోలారు. గడ్డి అక్కడ ఉంది. వాటి పాలు కొండ మీది పసిపిల్లలకి కావాలి. వీటికి గోడకి బిగించిన పాలపీకలు, సోయాపాలు.

ఏడ్చినవి: పద్నాలుగు.

గాలి ఇటు తిరిగినప్పుడు పైనుంచి తల్లుల అరుపు వినిపిస్తుంది. అప్పుడు అన్నీ ఒక్కసారే తలలెత్తుతాయి. గాలి మళ్ళగానే మళ్ళీ ఏడుపు.

ఉమ్మి పరీక్ష పట్టీలు ఇరవై ఇచ్చారు. కొత్తవి వానలు తగ్గాకే వస్తాయట. రోజుకి నాలుగు చొప్పున, ఏడుస్తున్న పిల్లలకే చేయమని డాక్టరమ్మ చెప్పింది. మనుషుల్నీ గొర్రెల్నీ చూసే డాక్టరమ్మ అంటే నా చెల్లెలు సువార్త. నిరుడు పని నేర్పుతూ చెప్పింది: "బెదిరినప్పుడు ఒంట్లో కార్టిసాల్ ఊరుతుందక్కా. ఉమ్మిలో తెలుస్తుంది. పట్టీ లేత నీలమైతే ఒకటి. నల్లనీలమైతే తొమ్మిది." ఇక్కడ అందరూ దాన్ని బెదురు అంకె అంటారు.

ఈరోజు బెదురు: ఆరు, ఏడు, ఏడు, ఆరు.

రెండో రోజు

ఏడ్చినవి: పద్నాలుగు. గొంతులు బొంగురుపోయాయి. బెదురు ఏడు, ఏడు, ఏడు, ఎనిమిది.

మంచుని పట్టే వలల నుంచి నీళ్ళు రెండు బిందెలే దిగాయి. ఒకటి పిల్లలకి, ఒకటి పాలపీకలు కడగడానికి.

గొర్రెల కాపరి పైడయ్య పైనుంచి పాలక్యాన్లు దింపడానికి వచ్చాడు. అరవై దాటిన మనిషి. కిందికి సముద్రం రాకముందు వాళ్ళ నాన్నకి మూడొందల గొర్రెలుండేవట. తలుపు దగ్గర నిలబడి లోపలికి చూశాడు.

"తల్లులు మేత ముట్టడం నేదమ్మా. కంచెకాడే నిలబడిపోతన్నాయి," అన్నాడు.

"రెండ్రోజులే కదా పైడయ్యా."

"మీ పుస్తకంలో రెండ్రోజులు. ఆటికి పుస్తకం నేదు కదా."

ఒక పిల్లకి నుదుట తెల్లమచ్చ ఉంది. పైడయ్య దాన్ని బొట్టుది అంటాడు. దాని తల్లి తొలిచూలు గొర్రె. నిరుడు ఇదే దొడ్డిలో, ఇలాగే తల్లి లేకుండా పెరిగిన మొదటి మందలోది. ఈనగానే పిల్లని నాకకుండా పక్కకి వెళ్ళి నిలబడిందట. బొట్టుది తల్లి నాలుక తగలకుండానే ఇక్కడికొచ్చింది.

మూడో రోజు

ఏడ్చినవి: ఆరు. బెదురు ఎనిమిది, ఎనిమిది, తొమ్మిది, ఎనిమిది.

నాలుగో రోజు

ఏడ్చినవి: లేవు.

తలుపు తీసేసరికి అంత నిశ్శబ్దం. స్తోత్రం ప్రభువా అనుకున్నాను. పుస్తకంలో "కుదుటపడిన రోజు" అనే గడిలో నాలుగు అని వేశాను. ఏడ్చేవి లేవు కాబట్టి పట్టీలు వాడలేదు. ఎనిమిది మిగిలాయి.

సాయంత్రం ప్రార్థన కూటంలో సువార్త పక్కన కూర్చున్నాను. దాని కూతురు దయకి ఎనిమిది నెలలు. తండ్రి సముద్రాన్ని ఆపే గోడ పనిలోనే పోయాడు, అది పుట్టకముందు. నలభై లోపు వాళ్ళందరూ రెండేళ్ళు గోడ మీద పని చేయాలి. ఈసారి సువార్త పేరు వచ్చింది. ఇరవై ఒకటో రోజు లోయ మీది తీగబండిలో వెళ్ళాలి. గోడ మీద వైద్యుల బసలోకి పసివాళ్ళని రానివ్వరు. దయని ఇక్కడి ఉయ్యాలల గదిలో ఆయాల దగ్గర వదిలి వెళ్తుంది.

కూటంలో ఎవరో అడిగారు, పిల్ల తల్లి లేకుండా ఉంటుందా అని. సువార్త నవ్వింది. "మా అక్కనడగండి. నేను రెండేళ్ళప్పుడు, అమ్మ గోడ పనికి వెళ్తే, పిల్లల శిబిరంలో ఉన్నాను. నాలుగో రోజుకే ఏడుపు మానేశానట."

అవును అన్నాను. ఆ మాట ఎన్ని కూటాల్లో చెప్పానో. గొప్పగా చెప్పేదాన్ని.

ఐదో రోజు

పిల్లలు పాలు తాగుతున్నాయి. బరువు తగ్గలేదు. కానీ ఆడుకోవడం లేదు. ఈ వయసు పిల్లలు ఊరికే గెంతాలి. ఇవి గోడవైపు మొహం పెట్టి నిలబడుతున్నాయి. రెండు ఒకదాని చెవి ఒకటి చీకుతున్నాయి. బొట్టుది నా చీర కుచ్చిళ్ళు నోట్లో పెట్టుకుని కదలకుండా ఉండిపోయింది. విడిపిస్తే అరవలేదు. మళ్ళీ పట్టుకోనూ లేదు.

మిగిలిన పట్టీలు తిరిగి ఇచ్చేయాలి. సర్దుతూ ఒకటి తీసి బొట్టుదాని నాలుక కింద పెట్టాను. ఎందుకు పెట్టానో చెప్పలేను.

తొమ్మిది.

పట్టీ పాడైందనుకున్నాను. ఇంకో మూడు పిల్లలకి చేశాను. తొమ్మిది, ఎనిమిది, తొమ్మిది.

ఏడ్చినవి: లేవు.

ఆరో రోజు

సువార్తకి చూపించాను. దాని గది కిటికీ దగ్గర పట్టీలు వెలుగుకి పెట్టి చూసింది.

"ఏడవనివాటికి ఎందుకు చేశావక్కా? నాలుగు పట్టీలు దండగ చేశావు."

"ఇదివరకు ఎవరైనా చేశారా?"

"ఎవరు చేస్తారు? కుదుటపడినదానికి పరీక్షేంటి?"

"కుదుటపడితే అంకె దిగాలి కదమ్మా."

ఉయ్యాలలో దయ కదిలింది. సువార్త గోడ గడియారం చూసింది. ఇంకా పది నిమిషాలుంది పాలకి. పది నిమిషాలూ ఆగి అప్పుడు ఎత్తుకుంది, పట్టింది, తుడిచింది, పడుకోబెట్టింది. చేతులు శుభ్రంగా, చక్కగా పనిచేస్తాయి దానికి. పిల్లని గుండెకి ఆనించుకోవడం మాత్రం నేనెప్పుడూ చూడలేదు. "ఎక్కువసేపు ఎత్తుకుంటే అలవాటైపోతుంది" అంటుంది. దానికి రాదు. దాన్ని పెంచింది నేనే.

"బరువు పెరుగుతున్నాయా?" అని అడిగింది.

"పెరుగుతున్నాయి."

"అయితే ఫర్వాలేదు. మిగిలిన నాలుగూ దాచు."

ఎనిమిదో రోజు

పైడయ్య ఒక గొంగడి తెచ్చి దొడ్డి మధ్యలో పరిచాడు. పైన నాలుగు రోజులుగా తల్లుల కింద వేసి ఉంచాడట. పేడ, ఉమ్మి, చీమిడి. ముక్కు పట్టుకోవాల్సిన కంపు.

"ఇదేంటి పైడయ్యా, దొడ్డి కడిగి గంట కూడా కాలేదు!"

"కడగడమే తప్పమ్మా. మీరు మరీ తళతళలాడిత్తే ఆటికి ఏటి తెలుత్తాది? మా అయ్య తల్లి సచ్చిన పిల్లకి ఇంకో తల్లి గొంగడే కప్పీవోడు. ముక్కు నమ్మితే ఒళ్ళు నమ్ముద్ది అనీవోడు."

పిల్లలు కాసేపు కదల్లేదు. తర్వాత ఒకటి వెళ్ళింది. వాసన చూసింది. మోకాళ్ళు మడిచి పడుకుంది. మధ్యాహ్నానికి పదమూడు ఆ గొంగడి మీదే, ఒకదాని మీద ఒకటి. బొట్టుది పక్కన నిలబడింది. దానికి ఆ వాసనల్లో తనదంటూ ఏదీ లేదు.

"ఉతక్కండమ్మా ఇది," అన్నాడు వెళ్తూ.

ఆ మాట నాకు ఎక్కడో తగిలింది. బిందె అక్కడే పెట్టి కాసేపు కూర్చున్నాను.

తొమ్మిదో రోజు

గొంగడి మీద పడుకున్న పిల్లల్లో ఒకదానికి పట్టీ పెట్టాను. ఐదు.

తొమ్మిది నుంచి ఐదు. ఒక మురికి గొంగడికి.

ఏడ్చినవి: రెండు. సన్నగా. వింటూ ఉండిపోయాను.

పదకొండో రోజు

దయని ఉయ్యాలల గదిలో చేర్చారు. తల్లి వెళ్ళకముందే అలవాటు కావాలని పది రోజుల ముందు చేరుస్తారు. అప్పటి నుంచి తల్లి కనబడకూడదు. ఆ గదికి పాలు మోసేది నేనే కాబట్టి నాకు అడ్డు లేదు.

తలుపు అవతల నుంచే దాని గొంతు తెలిసింది.

పన్నెండో రోజు

బొట్టుదాని తల్లికి పట్టీ పెట్టమని పైడయ్య అడిగాడు. పాలు పితికేటప్పుడు కూడా రాయిలా నిలబడుతుందట. నేను పైకి వెళ్ళిన సమయానికే తీగబండి కూత వేసింది. మంద అంతా బెదిరి చెల్లాచెదురైంది. అది మాత్రం చెవి కూడా కదపలేదు. అంకె ఒకటి.

"సూసారా, ఎంత నెమ్మదైన గొర్రో!" అన్నాడు పైడయ్య. నవ్వలేదు. "నిరుడు మీ దొడ్లో ఎంత బెదరాలో అంతా బెదిరేసింది. ఇంక దీనికాడ మిగల్నేదు. పిల్ల ఏడిత్తే కదలాలి కదమ్మా తల్లికి? దీనికి ఏటీ కదల్దు."

కిందికి దిగేటప్పుడు మెట్ల మీద ఆగి ప్రార్థన చేయబోయాను. మానేసి దిగాను.

పద్నాలుగో రోజు

ఉయ్యాలల గదికి పాలు తీసుకెళ్ళాను. నిశ్శబ్దం.

"మీ దయ బంగారమండీ," అంది ఆయా. "నాలుగో రోజుకే కుదుటపడింది. వాళ్ళమ్మ పోలికే!"

దయ గోడవైపు తిరిగి ఉంది. తన చెవి తనే పట్టుకుని లాక్కుంటోంది. నేను పిలిస్తే నన్ను చూసింది. చూసి మళ్ళీ గోడవైపు తిరిగింది.

దాని గడ్డం మీద చొంగ ఉంది. నా కొంగుకి పట్టీలు ముడివేసి ఉన్నాయి. ఒకటి తీసి తుడిచాను.

తొమ్మిది.

పదిహేనో రోజు

దొడ్డి పనులు చేశాను. ఏడ్చినవి: మూడు.

ముప్పై ఆరేళ్ళుగా ప్రార్థనలో అన్నీ చెప్పుకున్నాను, ఒక్కటి తప్ప. ఈరోజు అది చెప్పుకున్నాను. దేవుడికి చెప్పడం తేలికే. ఆయనకి ముందే తెలుసు.

పదహారో రోజు

మధ్యాహ్నం సువార్త గదికి వెళ్ళాను. ట్రంకు పెట్టె సర్దుకుంటోంది. దయ పట్టీ బల్ల మీద పెట్టాను.

"ఇది ఏ పిల్లది?"

"నీ పిల్లది."

పట్టీని చాలాసేపు చూసింది. "గొర్రెల పట్టీ మనుషులకి పనికిరాదక్కా."

"బెదురు బెదురే కదమ్మా."

"అయితే ఏం చేయమంటావు? గోడకి వెళ్ళనని చెప్పనా? అందరి పిల్లలూ ఉంటున్నారు. నేను ఉండలేదా? నాలుగో రోజుకే మానేశానని నువ్వే కదా అందరికీ చెప్తావు! నాకేమైంది? చదువుకోలేదా, డాక్టరు కాలేదా? చెప్పు, నాకేమైంది?"

నేను పెంచిన పిల్ల. ముప్పై ఎనిమిదేళ్ళు. చిన్నప్పుడు కూడా నా మీద ఎప్పుడూ గొంతు పెంచలేదు. దెబ్బ తగిలినా నా దగ్గరికి పరిగెత్తుకు రాలేదు. ఎంత బుద్ధిమంతురాలో అనుకునేదాన్ని.

"అమ్మ వచ్చింది," అన్నాను.

"ఎక్కడికి?"

"శిబిరానికి. పద్నాలుగో రోజు. గోడ పనిలో ఒక పూట సెలవు దొరికితే నడిచి వచ్చింది. నువ్వు లోపల గోడవైపు తిరిగి కూర్చున్నావు. శిబిరం నర్సమ్మ అంది, ఇప్పుడే కుదుటపడింది, తల్లిని చూస్తే మళ్ళీ మొదలుపెడుతుంది, నెల పోయాక రమ్మను అని. నాకు పద్దెనిమిదేళ్ళు. నాలుగు రోజులు నీ ఏడుపు విని ఉన్నాను. కంచె దగ్గరికి వెళ్ళి అమ్మకి అదే చెప్పాను."

సువార్త మెడలోని స్టెతస్కోపు తీసి మంచం మీద పెట్టింది.

"అమ్మేమంది?"

"ఏడుస్తోందా అని అడిగింది. లేదమ్మా, చక్కగా ఉంది అన్నాను. సరేలే, కుదురుగా ఉన్నదాన్ని ఏడిపించడం ఎందుకు అంది. కొంగు చింపి ఇచ్చింది. దాని పక్కలో పెట్టు, నా వాసన ఉంటుంది అంది. తిరిగి వెళ్ళింది."

నెల గడవకముందే ఆ గోడ కూలి అమ్మ పోయింది. అది దానికి తెలుసు. ఇన్నేళ్ళూ సువార్త, అమ్మ మమ్మల్ని వదిలి వెళ్ళాక మళ్ళీ రానే లేదనుకుంది. నేనే అలా అనుకోనిచ్చాను.

తెచ్చిన గుడ్డ మూట విప్పాను. అమ్మ కొంగు ముక్క. బూడిదరంగు నేత, అంచు చిరిగింది. సువార్త రెండు చేతులతో తీసుకుంది. మొహానికి ఆనించుకుంది. ఊపిరి పీల్చింది. మళ్ళీ పీల్చింది.

"ఏ వాసనా లేదక్కా."

"ఉతికాను."

నా వైపు చూసింది.

"సిమెంటు మురికి ఉంది. పక్కలో పెడితే నువ్వు మళ్ళీ మొదలుపెడతావని భయం వేసింది. ఉతికి పెట్టెలో దాచాను. పెద్దయ్యాక ఇద్దామనుకున్నాను."

తిట్టలేదు. తిడితే బాగుండేది. కిటికీ వైపు తిరిగి నిలబడింది. ఆ గుడ్డని బొటనవేలితో రుద్దుతూనే ఉంది. కాసేపటికి, "నువ్వు వెళ్ళక్కా" అంది.

వచ్చేశాను.

పదిహేడో రోజు

ఉయ్యాలల గదికి పాలు తీసుకెళ్తే దయ ఉయ్యాల ఖాళీగా ఉంది. పొద్దున్నే తల్లి వచ్చి తీసుకెళ్ళిందట. ఆయా రూల్సు చెప్పబోతే, "మీ రూల్సు రాసిన కమిటీలో నేనున్నాను. తప్పు రాశాను. జరుగు" అందట.

"తల్లిని చూసి దయ ఏం చేసింది?" అని అడిగాను.

"ఏం చేయలేదండీ. చూస్తూ ఉంది. అంతే."

పద్దెనిమిదో రోజు

డాక్టరమ్మ సంతకంతో కాగితం వచ్చింది. గొర్రెల్ని పిల్లల దొడ్డికి దింపాలి. పాలు ఒక పూటే పితకాలి, రెండో పూట పిల్లలకి వదలాలి. ఇకపై ఏడవని పిల్లకే ముందు పట్టీ పెట్టాలి. కాగితం పైడయ్య తెచ్చాడు. సువార్త రాలేదు.

పాలు తగ్గుతాయి. నాలుగో మెట్టు వాళ్ళు అప్పుడే గొడవపడుతున్నారు. వాళ్ళకీ పిల్లలున్నారు. వాళ్ళని తప్పు పట్టలేను.

తల్లులు దిగాయి. పరిగెత్తుకొచ్చి ఒక్కొక్కటీ పిల్లల్ని వాసన చూశాయి. పిల్లలు కదల్లేదు. కొన్ని వెనక్కి జరిగాయి. ఒక తల్లి తన పిల్ల చుట్టూ మూడుసార్లు తిరిగింది. గొంతులోపలే ఏదో అంటూ తిరిగింది. పిల్ల పాలపీక దగ్గరికి వెళ్ళింది.

నేను చూడలేకపోయాను. పైడయ్య చూశాడు.

"రెండు వారాలు కట్టిన గోడమ్మా. ఒక పూటలో పడిపోద్దా?" అన్నాడు.

ఇరవయ్యో రోజు

ఏడ్చినవి: తొమ్మిది.

తల్లి రెండడుగులు పక్కకి జరిగితే ఏడుస్తున్నాయి. పైడయ్యకి ఆనందం పట్టలేదు. "ఏడండ్రా, ఏడండి! గొంతులు అరిగిపోవాల!" అని దొడ్డి అంతా తిరిగాడు. మధ్యాహ్నం ఒకటి గెంతింది. ఒక్కసారే.

బొట్టుదాన్ని తల్లి వాసన చూసి వదిలేసింది. పైడయ్య దాన్ని గొంగట్లో చుట్టి తన భుజాన వేసుకుని తిరుగుతున్నాడు. అది ఏడవలేదు.

పట్టీ ఒకటి మిగిలింది. వాడలేదు.

ఇరవై ఒకటో రోజు

తీగబండి పదింటికి. సువార్త గోడ మీద డాక్టరు పని వదులుకుందని నిన్న సాయంత్రం తెలిసింది. గోడ కింద వంటసాలలో పని అడిగింది. అక్కడికి పసివాళ్ళని రానిస్తారు. ఇంత చదివి గంజి కాయడానికి వెళ్తోందని జనం అనుకుంటున్నారు.

బండి ఎక్కేచోటికి వెళ్ళాను. దూరంగా నిలబడ్డాను. సువార్త దయని ముందువైపు కట్టుకుంది, తన పాత చీరతో, గట్టిగా. ఎలా కట్టాలో సరిగ్గా రాక ముడి పక్కకి జారుతోంది. అమ్మ కొంగు ముక్క సువార్త మణికట్టుకి చుట్టి ఉంది.

నన్ను చూసింది. తల ఊపింది. ఏ అర్థంతో ఊపిందో నాకు తెలియదు. దగ్గరికి రమ్మనలేదు.

బండి కదిలి లోయ మీదికి వెళ్ళగానే గాలి కొట్టింది. దయ ఏడ్చింది. బిగ్గరగా, కోపంగా. అందరూ అటు చూశారు. సువార్త గడియారం చూడలేదు. పిల్ల తలని తన మెడకి ఆనించుకుని, కదలకుండా నిలబడి, ఏడవనిచ్చింది. మంచులో బండి కనబడకుండా పోయాక కూడా ఏడుపు వినిపించింది. చాలాసేపు విన్నాను.

రెండేళ్ళు. నాకు యాభై నాలుగు. గోడ నిలవాలని, వాళ్ళు తిరిగి రావాలని ప్రార్థించాను. తిరిగొచ్చాక నా గుమ్మం తొక్కాలని అడగలేదు. అది అడిగే హక్కు లేదు.

దొడ్డికి వచ్చాను. తలుపు మేకుకి ఏదో వేలాడుతోంది. దయ గౌను. నిన్న వేసుకున్నది. మెడ దగ్గర పాలు కారి గట్టిపడింది, చంకల్లో చెమట. దానికి చిన్న కాగితం గుచ్చి ఉంది. సువార్త చేతిరాత, మందుల చీటీ రాసినట్టు, రెండే మాటలు.

అక్కా, ఉతక్కు.

ఏడ్చినవి: తొమ్మిది. నాతో పది.